ఏరు తగ్గిపోయింది, తెర మీద చూశాం!

ఏరు ఎంత పెరిగిందో తెలుసుకోవడానికి ఏటి వైపు చూసేవాళ్లంటే నాకు జాలి!

అయ్యలారా, అమ్మలారా, ఇది ఏ కాలం? వాన పడుతోందో లేదో కిటికీలోంచి చెయ్యి చాపి చూసే మనిషికి ఈ రోజుల్లో ఎవరైనా పిల్లనిస్తారా? ఫోను చూడాలి. ఎండగా ఉందని ఫోను చెబితే, తడిసి ముద్దవుతూ కూడా గొడుగు తెరవకూడదు. అదీ క్రమశిక్షణ!

ఈ క్రమశిక్షణ బొత్తిగా లేని మనిషి ఒకడున్నాడు. రాజాం అవతల ఏటొడ్డువలస. పేరు దాలయ్య. అక్కడి వంతెన స్తంభానికి మీటర్లూ సెంటీమీటర్లూ నలుపు తెలుపుల్లో రాసిన కొలబద్ద ఒకటి ఉంది. రోజుకు మూడుసార్లు మెట్లు దిగి, నీళ్లు ఏ గీత దగ్గరున్నాయో చూసి, పుస్తకంలో రాసి, ఆఫీసుకు ఫోను చేసి చెప్పడం దాలయ్య ఉద్యోగం. ఇరవై ఆరేళ్లుగా అదే పని. ఏరు ఎన్నిసార్లు పెరిగినా దాలయ్య హోదా మాత్రం పెరగలేదు.

ఇలాంటి మానవమాత్రుల బారినుంచి నీటిమట్టాన్ని కాపాడటానికి సెన్సారు దిగింది. వంతెన రెయిలింగుకు బిగించిన తెల్ల డబ్బా. కిందికి చూస్తూ, నీటికీ తనకీ ఎంత దూరమో పావుగంటకోసారి కొలిచి, ఆఫీసు తెర మీద గీత గీస్తుంది. దానికి కళ్లజోడు అక్కర్లేదు. బీడీ అక్కర్లేదు. చీపురుపల్లిలో మేనల్లుడి పెళ్లికి సెలవు అంతకన్నా అక్కర్లేదు. ఇంజినీరు నారాయణమూర్తి గారు డబ్బా ముందు కొబ్బరికాయ కొట్టి, ఇక దాలయ్య కొలతలు లెక్కలోకి రావని ప్రకటించారు. సరదా ఉంటే పుస్తకంలో రాసుకోవచ్చన్నారు.

అక్టోబరు వచ్చింది. మా వైపు అక్టోబరంటే గోగు. కోసిన కట్టల్ని ఏట్లో ఊరబెట్టి, నార వలిచి, ఉతికి ఆరెయ్యాలి. ఆరెయ్యడానికి వంతెన రెయిలింగుని మించిన దండెం దేవుడు కూడా సృష్టించలేదు. ఊరంతా ఆరేసింది. గాలికి ఓ పాయ జారి, సరిగ్గా తెల్ల డబ్బా కింద పెళ్లికూతురి జడలా వేలాడింది.

నారేదో నీరేదో డబ్బాకేం తెలుసు? తన ముక్కు కింద జానెడు దూరంలో ఉన్నదే ఏరనుకుంది. తొమ్మిది మీటర్లు అని గీత గీసేసింది. ప్రమాద స్థాయి ఐదు!

మిట్టమధ్యాహ్నం, మాడు పగిలే ఎండ. ట్రాక్టర్లు మూడు, పడవలు రెండు, మైకు ఒకటి. ఒడ్డు పక్కన మోకాలి లోతు లేదు, పడవల్ని ఇసుకలో మనుషులే మోశారు. గట్టువీధి నలభై ఇళ్లవాళ్లనీ మెరక మీదున్న బళ్లోకి తోలి, చేతికో పులిహోర పొట్లం పెట్టారు.

"ఏటి బాబూ, ఏటొచ్చింది?" అని మైకు మనిషిని అడిగింది దాలయ్య భార్య సుభద్రమ్మ.

"ఏరొచ్చిందమ్మా."

"ఏదీ? ఎక్కడున్నాది?"

"తెర మీద."

చెమటలు కక్కుతూ పులిహోర తినే యోగం ఏ వరదలో దొరుకుతుంది చెప్పండి! మీరే అనండి, ఇది వరమా కాదా?

పైవాళ్లు మాత్రం అలా అనుకోలేదు. నారాయణమూర్తి గారి పరువు నార పాలైంది. ఆయన ఆలోచించారు. నార ఆరెయ్యొద్దంటే ఊరు ఊరుకోదు. డబ్బా జరపాలంటే టెండరు పిలవాలి. అన్నిటికన్నా సులువు ఏరుని సరిచేయడం! కంప్యూటరుకి ఒక్క మాట చెప్పారు: ఐదు దాటిందా, అది నీరు కాదు, నార. కొట్టెయ్. ఆ ఖాళీలో నెల సగటు వేసుకో. సగటు రెండు పాయింట్ ఒకటి. దీన్నే నీటిమట్టాల విశ్లేషణ అంటారు. సెన్సారు కాస్తా సెన్సారు బోర్డైంది!

నెలాఖరుకు తుఫాను. ఒడిశా కొండల్లో రెండు రోజులు ఎడతెగని వాన. మధ్యాహ్నం మూడింటికి దాలయ్య మెట్ల మీద నిలబడి ఫోను చేశాడు.

"బాబూ, ఐదు మీద ఇరవై ఉన్నాది. బేగి ట్రాక్టర్లు పంపండి. బడి తాళం తియ్యమని సెప్పండి."

"కంగారుపడకు దాలయ్యా," అన్నారు నారాయణమూర్తి గారు చల్లగా. "నాలుగు పాయింట్ తొమ్మిది దాకా వచ్చి, రెండు పాయింట్ ఒకటికి దిగిపోయింది. చూస్తూనే ఉన్నాను."

"మీకాడ దిగిందేమో గానీ, ఇక్కడ నా మోకాళ్లకి ఎక్కతన్నాది బాబూ!"

"నార గానీ అడ్డొచ్చిందేమో చూడు."

"ఈ వానలో నారెవుడు ఆరేస్తాడండీ? అడ్డొచ్చింది మా పానాలు!"

"చూడు, ఆర్డరు లేకుండా బడి తాళం ముట్టుకున్నావో, నీ ఉద్యోగం ఊడుతుంది."

దాలయ్య కిందికి చూశాడు. ఐదు మీద నలభై. వెనక్కి తిరిగితే గట్టువీధి. పాకల్లో గేదెలు, అరుగుల మీద ముసలాళ్లు, పోయినసారి వట్టిదేగా అని ధీమాగా పేకాడుతున్న మగాళ్లు. గుమ్మంలోంచి సుభద్రమ్మ కేకేసింది.

"ఏటయ్యా, ఏటంటన్నారు ఆళ్లు?"

"తగ్గిపోనాదంటన్నారే!"

"నీకేటి కనిపిస్తన్నాది?"

"గునపం తే."

తాళం రెండు దెబ్బలకు ఊడింది. దాలయ్య ఇంటింటికీ తిరిగి, పేకముక్కలు లాక్కుని, ముసలాళ్లను భుజానికెత్తుకుని, పొద్దుగూకకముందే నలభై ఇళ్లనీ బళ్లో చేర్చాడు. ఐదో తరగతి గది గేదెలకిచ్చారు. ఆ సాయంత్రం కొలబద్ద మీద ఏడో అంకె కూడా మునిగింది. గట్టువీధిలో ఏటి వైపు వరుస, పదకొండు ఇళ్లు, లేకుండా పోయింది. మనిషి మాత్రం ఒక్కరూ పోలేదు.

తెర మీద ఏరు రాత్రంతా రెండు పాయింట్ ఒకటి దగ్గర బుద్ధిగా పడుకుంది.

వారం తిరక్కుండా దాలయ్యకు నోటీసు తయారైంది. ఏరు సాధారణ స్థాయిలో ఉండగా వరదంటూ పుకారు పుట్టించినందుకూ, ఆర్డరు లేకుండా జనాన్ని తరలించినందుకూ, తాళం పగలగొట్టినందుకూ సంజాయిషీ ఇవ్వాలి. ఈ నోటీసును నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను! ప్రతివాడూ కంటికి కనిపించినదాన్నల్లా నమ్ముకుంటూ పోతే ఆఫీసులెందుకు?

నోటీసు రిజిస్టరు పోస్టులో వచ్చింది. పోస్ట్‌మ్యాన్ రమేష్‌బాబు దాన్ని పట్టుకుని గట్టువీధికి వెళ్లాడు. చిరునామా స్పష్టంగా ఉంది: ఏటి వైపు వరుస, మూడో ఇల్లు. ఎదురుగా ఇసుక మేట, దాని మీద రెండు కొంగలు. దాలయ్య ఇంకా బళ్లోనే తలదాచుకున్నాడని రమేష్‌బాబుకు తెలుసు. కానీ ఆయనా నిబంధనల మనిషే, కవరు మీద ఏ ఇల్లు రాసుంటే ఆ ఇంట్లోనే ఇవ్వాలి. జేబులోంచి పెన్ను తీశాడు. కవరు వెనక గుండ్రటి అక్షరాలతో రాసి, తేదీ వేసి, పోస్టాఫీసు ముద్ర కొట్టి వెనక్కి పంపాడు.

"ఇల్లు ఏట్లో కలిసిపోయినందున తిప్పి పంపడమైనది."

ఆ తుఫాను రోజు ఏరు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పే సర్కారు కాగితం, ఈనాటికీ అదొక్కటే.