మా పిడుగు ఆటల రిజిస్టరు

పిల్లల ఆటను పిల్లలకే వదిలేసే చీకటి రోజులు పోయాయి. ఆట అనేది పెద్దవాళ్ళు రాసిపెట్టుకోవలసిన విషయం. పిల్లలు ఆడితే చాలు, మిగతాది మేం చూసుకుంటాం.

ఈ సత్యం మాకు శిశు వికాస విభాగం వారి అరవై నాలుగు ప్రశ్నల పత్రం వల్ల తెలిసింది. మా అమ్మాయికి నాలుగేళ్ళు. పుట్టగానే ఏడ్చిన ఏడుపుకి పిడుగు అని పేరు పడిపోయింది గానీ, అంత నెమ్మదైన పిల్ల మా వీధిలో లేదు. ఒకరోజు బొమ్మకార్లన్నీ సోఫా దగ్గర్నుంచి వంటింటి గుమ్మం దాకా వరుసగా పేర్చింది. నా కాలు తగిలి ఒకటి పక్కకి జరిగితే, నన్ను అదోలా చూసి మళ్ళీ సర్దుకుంది. ఈ సంగతి బడిలో టీచరమ్మతో మాటవరసకి అన్నాం. ఆవిడ కూడా మాటవరసకే, ఆటిజమేమో ఒకసారి చూపించండి అంది. (మాటవరసకి అన్నమాటే గానీ, వారం రోజులు మా ఇద్దరికీ ముద్ద దిగలేదు.)

అబద్ధమెందుకు, హడలిపోయాం. హడలిపోయినవాడు తనకి చేతనైన పని చేస్తాడు. నేను బస్సు డిపోలో టైమ్ కీపర్ని. మా ఆవిడ రికార్డు గదిలో గుమస్తా. కాబట్టి ఒక రిజిస్టరు తెరిచాం.

పత్రంలో పదిహేడో ప్రశ్న: 'వస్తువులను వరుసలో నిలుపునా?' పద్దెనిమిది: 'వరుస చెదిరిన కోపించునా?' ఈ రెండు ప్రశ్నలూ అడిగే విభాగంలో మేం రెండు గంటలు వరుసలో నిలబడ్డాం. కౌంటర్‌లో ఉన్నాయన తలెత్తలేదు. ఏమడిగినా 'యాప్‌లో చూసుకోండి' అనే అన్నాడు. ఒక పెద్దాయన మంచినీళ్ళ కోసం వరుస దాటితే బల్ల గుద్ది అరిచాడు. (ఆయనకి ఏటా ఉత్తమ ఉద్యోగి పతకం ఇస్తున్నారట.) యాప్‌లో చూస్తే మా నంబరు నాలుగు వందల పన్నెండు. డాక్టరు గారి దర్శనం ఏడు నెలల తర్వాత. అందాకా ఇంట్లోనే పరిశీలించమని ఒక నిబంధనల పుస్తకం ఇచ్చారు.

తొమ్మిదో నిబంధన ప్రకారం పరిశీలన 'బిడ్డ ఎరుగకుండా' జరగాలి. నేను కర్టెన్ వెనక, మా ఆవిడ ఫ్రిజ్ పక్కన. నా మొదటి నమోదు: '8.10 ఎర్ర కారు బయలుదేరినది. 8.14 ఆగినది. నాలుగు నిమిషాల ఆలస్యం, డ్రైవరు సంజాయిషీ ఇవ్వలేదు.' (పందొమ్మిదేళ్ళ అలవాటు, చేతిలోంచి అంత తొందరగా పోదు.)

మర్నాడు పిడుగు కర్టెన్ దగ్గరికి వచ్చి, నీలం కారు అందిస్తూ, నడపమంది. పరిశీలకుడు ఆటలో పాల్గొనరాదని పదకొండో నిబంధన. ఊపిరి బిగబట్టి, అక్కడ లేనట్టే నిలబడ్డాను. కాసేపు చూసి, కారు నా కాళ్ళ దగ్గర పెట్టి వెళ్ళిపోయింది. ఫ్రిజ్ పక్కనుంచి మా ఆవిడ రాసింది: 'కర్టెన్‌తో మాట్లాడుచున్నది.' కింద ఎర్రగీత కూడా కొట్టింది.

మూడు నెలలకి రెండు రిజిస్టర్లు నిండాయి. 'పిలిచిన పలుకునా?' అన్న ప్రశ్న కోసం పిల్లని రోజుకి నలభైసార్లు పిలిచాం. మొదటి పదిసార్లు పరిగెత్తుకొచ్చింది. రాగానే 'ఏం లేదు, వెళ్ళు' అని పంపేసి, రాసుకున్నాం. తర్వాత్తర్వాత రావడం మానేసింది. అది కూడా రాసుకున్నాం. ఆ రోజు మా ఆవిడ పెన్ను పక్కన పడేసి ఏడ్చింది. "ఏవండీ, రేపు మనం లేకపోతే దీన్నెవరు చూసుకుంటారు?" అంది. నేను ముందు ఇరవై మూడో గడి నింపమన్నాను.

ఏడో నెలలో పిలుపు వచ్చింది. ఐదు రిజిస్టర్లు, విషయసూచికతో సహా, డాక్టరమ్మ గారి బల్ల మీద పెట్టాం. ఆవిడ వాటిని తెరవనైనా తెరవకుండా, తిన్నగా వచ్చి నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చున్నారు. పిడుగు ఆవిడ చేతికో కారు ఇచ్చింది. ఇద్దరూ అరగంట ఆడుకున్నారు. మధ్యలో పిల్ల రెండుసార్లు పకపకా నవ్వింది. (ఆ నవ్వు ఏ గడిలో రాయాలో తెలియక నేను తికమకపడ్డాను.)

తర్వాత ఆవిడ నెమ్మదిగా చెప్పారు. ఇంకో నాలుగుసార్లు చూస్తే గానీ ఏదీ తేల్చలేనన్నారు. ఆటిజం అయినా కాకపోయినా ఇది మీ పిల్లే, బెంగ పెట్టుకోకండన్నారు. మా ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. నేను తేదీ, టైము రాసుకున్నాను.

డాక్టరమ్మ పిడుగు వైపు తిరిగి, "ఇంట్లో నాన్నతో కూడా ఇలాగే ఆడతావా?" అని అడిగారు.

"ఉహూఁ," అంది పిల్ల, కార్లు సర్దుకుంటూనే. "నాన్న ఆడడు. పిలిస్తే పలకడు. నా మొహం చూడడు. ఎప్పుడూ ఒక్కటే పని, రాసుకుంటాడు."

డాక్టరమ్మ గారు లేచి, సొరుగులోంచి కొత్త పత్రం ఒకటి తీసి, నా వయసెంతని అడిగారు.