లక్షసార్లు మోగిన గంట

"నేరం జరిగిన చోట రెండే రకాల మనుషులుంటారు వదినా. ఒకడు నేరస్థుడు. రెండోవాడు నేను."

మరిది ల్యాబు గుమ్మంలో నిలబడి ఈ మాటన్నాడు. నిజానికి అతను వచ్చింది వదిన ఇంట్లో మరిచిపోయిన ఫోను ఇచ్చిపోవడానికి. ఆమె ముఖం చూడగానే కేసు వాసన పట్టేశాడు. అతని కార్డు మీద 'అపరాధ పరిశోధకుడు' అని ఉంటుంది. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే, నాన్నగారి కళ్లజోడు. అది నాన్నగారి నెత్తిమీదే దొరికింది, అదీ అమ్మ చెబితే.

వదిన డ్రైవర్లు రాస్తుంది. అంటే యంత్రంలోని భాగాలకీ లోపలి కంప్యూటరుకీ మధ్య మాటలు మోసే ప్రోగ్రాములన్నమాట. బల్ల మీదున్నది మందులు దాచే ఫ్రిజ్, ఆమె రెండేళ్ల కష్టం. రెండు వారాలుగా అది ఉన్నట్టుండి బిగుసుకుపోతోంది. నాలుగింటికి ఆసుపత్రివాళ్లు చూడటానికొస్తున్నారు. "ఇవాళ కూడా మొరాయిస్తే ఈ పెట్టెను వేరే టీముకిచ్చేస్తానమ్మా" అని మేనేజరు పొద్దున్నే తేల్చి చెప్పేశాడు. అప్పట్నుంచి ఆమె బల్ల దగ్గర్నుంచి లేవలేదు.

"హతుడెవరు?" అన్నాడు మరిది భూతద్దం తీస్తూ.

"ఫ్రిజ్."

"చివరి మాటలు?"

ఆమె విసుగ్గా తెర చూపించింది. లోపల పెత్తనం చేసే కెర్నెల్ అనే ప్రోగ్రాము ఆఖరున ఒక ముక్క రాసిపెట్టింది: గంట మోగింది, ఎవరూ పట్టించుకోలేదు.

మరిది గుండెల మీద చెయ్యేసుకున్నాడు. "మరణ వాంగ్మూలం! ఇది ప్రమాదం కాదు వదినా, మనసు విరిగిన కేసు."

"మనసూ లేదు, మట్టీ లేదు. ఇందులో ఒక తల్లి చిప్పు, దాని కింద నాలుగు పిల్ల పరికరాలు. చల్లదనం కొలిచేది, ఫ్యాను, కరెంటు చూసేది, తలుపు. నాలుగింటికీ కలిపి కెర్నెల్‌ని పిలిచే గంట ఒకటే. అది మోగితే కెర్నెల్ వరసబెట్టి 'నీదా? నీదా?' అని డ్రైవర్లని అడుగుతుంది. ఎవరిదైతే వాళ్లు 'నాదే' అని గంట ఆపాలి. ఎవరూ ఒప్పుకోకపోతే అది మోగుతూనే ఉంటుంది. లక్షసార్లు ఓర్చుకుని, ఇక కెర్నెల్ ఆ గంటనే మూసేస్తుంది. నలుగురి నోళ్లూ మూతబడతాయి."

"ఒకడి గోలకి నలుగురికీ శిక్షా? అచ్చం మన ఇంట్లోలాగే!"

"నా అనుమానం చల్లదనం మీద. తలుపు తీసినప్పుడల్లా బిగుసుకుంటోంది. తీస్తే మారేది చల్లదనమేగా."

మరిది అప్పటికే పక్క బల్ల దగ్గరున్న ఇద్దరు ఇంజనీర్ల మీద పడ్డాడు.

"నిన్న సాయంత్రం మీరెక్కడున్నారు?"

"ఇక్కడే."

"సాక్షి?"

"ఇదిగో, వీడు."

"మరి వీడికి సాక్షి?"

"నేనే."

"ఒకరికొకరు సాక్ష్యం! కుట్ర!" అని నోటుపుస్తకంలో రాసుకున్నాడు. తర్వాత ఫ్రిజ్ తలుపు మీద భూతద్దం పెట్టి కేకేశాడు. "తాజా వేలిముద్రలు!"

"నీవే. ఇప్పుడేగా తలుపు తీసి చూశావు."

ఆ తీయడంతో ఫ్రిజ్ మళ్లీ బిగుసుకుంది. టైము మూడున్నర. ఏడుపొక్కటే తక్కువగా ఉంది వదినకి. యంత్రాన్ని మళ్లీ మొదట్నుంచి నడిపిస్తూ, "నీకు దణ్ణం పెడతాను, దాన్ని ముట్టుకోకు" అంది.

"ముట్టుకోను. ఎందుకంటే నేరస్థుడు..." మరిది ఫ్రిజ్ వెనక నుంచి గిర్రున తిరిగి వేలు చాచాడు. "ఈ గదిలోనే ఉన్నాడు!"

వేలు గోడకున్న గడియారాన్ని చూపించింది. భుజాన వేలాడే సంచీ మాత్రం ఫ్రిజ్ వెనక తీగకి తగులుకుని, దాన్ని టక్కున ఊడబెరికింది.

"చంపావు కదయ్యా!"

కంగారులో అతను ఆనుకోడానికి తలుపే పట్టుకున్నాడు. అది బార్లా తెరుచుకుంది. ఫ్యాను తిరుగుతూనే ఉంది. మూశాడు, తీశాడు, మళ్లీ మూశాడు. ఫ్రిజ్ చక్కగా నడుస్తోంది.

వదిన ఊడిన తీగ వంక చూసింది. అది తలుపుది. ఆమెకి అప్పుడు గుర్తొచ్చింది. రెండు వారాల కిందట, తలుపు తీసినప్పుడల్లా కీచుమంటోందని, ఆ గోల భరించలేక తలుపు డ్రైవరుని తనే తీసేసింది, తర్వాత పెడదాంలే అని. ప్రోగ్రాము పోతే తలుపు కూడా ఊరుకుంటుందనుకుంది. గంట కొట్టే తలుపు అలాగే ఉంది, దాని తరఫున 'నాదే' అనే మనిషే లేకుండా పోయాడు.

డ్రైవరుని తిరిగి పెట్టి, తీగ బిగించేసరికి నాలుగయింది. ఆసుపత్రి మందులావిడ తలుపు తీసింది. ఫ్రిజ్ కీచుమంది. "ఇదే కావాల్సింది మాకు. మావాళ్లు తలుపు మూయడం మరిచిపోతారు," అందావిడ సంతోషంగా.

వాళ్లు వెళ్లాక, తలుపు డ్రైవరు లేకపోవడమే కారణమని విని మేనేజరు గది తలుపేశాడు. "ఇంతకీ ఆ డ్రైవరుని తీసిందెవరు?"

ముందు మొదటి ఇంజనీరు వంక చూశాడు. "నేను కాదు సార్." రెండోవాడి వంక చూశాడు. "నేనూ కాదు." మరిది వంక కూడా చూశాడు. "నేను అతిథిని!"

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఊరుకుంటే ఏమవుతుందో రెండు వారాలుగా చూస్తూనే ఉంది.

"నేనే సార్."

మేనేజరు గది తలుపు తీశాడు. "రేపు పొద్దున్నే ఇంకోసారి పరీక్ష చెయ్యండమ్మా, మీరే," అని వెళ్లిపోయాడు.

మరిది మాత్రం చిన్నబుచ్చుకున్నాడు. "ఇంకో రెండు నిమిషాలు ఆగాల్సింది వదినా. నేనే పట్టుకునేవాణ్ని."