చెట్టుకిచ్చిన పాలపీక

ఆ గురువారం పొద్దున బోదిల్ అనుకున్న పని చాలా చిన్నది. మనవరాలు టీరాకు ఓట్స్ జావ తినిపించాలి, నీలం స్వెటరు తొడగాలి, కిటికీ దగ్గర నిలబెట్టి ఒక ఫోటో తీసి టీరా సోషల్ మీడియా ఖాతాలో పెట్టాలి. ఆ తర్వాత ఇద్దరూ రేవుకు వెళ్ళి, ద్వీపానికి పోయే పడవకు చేతులు ఊపాలి. పడవలో తెలిసినవాళ్ళెవరూ ఉండరు. అయినా వెళ్ళేవాళ్ళకు ఎవరో ఒకరు చెయ్యి ఊపాలి కదా అని బోదిల్ అభిప్రాయం.

టీరాకు మూడేళ్ళు నిండబోతున్నాయి. పిల్లల బట్టల కంపెనీలకు ఆ బూరెబుగ్గలంటే మహా ఇష్టం. చిన్నపిల్లల ఖాతా పెద్దవాళ్ళే నడపాలి. టీరా తల్లి స్టీనె ఆసుపత్రిలో నర్సు, ఆమెకు తల దువ్వుకునే తీరిక కూడా ఉండదు. అందుకని బోదిల్ తన ఉన్ని కొట్టు మూసేసిన దగ్గర్నుంచీ ఆ పని ఆమె చేతికొచ్చింది. ఫోటో తియ్యడం, కింద రెండు వాక్యాలు రాయడం, ముద్దొస్తోందన్న ప్రతి ఒక్కరికీ థాంక్స్ చెప్పడం. ఆ వంకతో టీరా వారానికి మూడు రోజులు ఆమె దగ్గరే ఉండేది.

ఎంత జాగ్రత్తగా ఉన్నా, పోయిన చలికాలంలో ఒక కంపెనీ కొత్త కోట్లు అంగట్లోకి రాకముందే వాటి ఫోటో బోదిల్ పెట్టేసింది. పిల్లల మోడలింగ్ ఏజెన్సీ నడిపే మెరెటె అరవలేదు. చాలా మెల్లగా మాట్లాడింది. ఇంకోసారి ఇలా జరిగితే ఖాతా మేమే చూసుకుంటాం, ఈ వయసులో మీకెందుకు శ్రమ అంది. ఆనాటి నుంచి బోదిల్‌కు ఒకటే బెంగ. ఖాతా పోతే ఫోటోలు పోతాయి, ఫోటోలు పోతే ఆ మూడు రోజులూ శిశుశాలకు పోతాయి. పోవడం అంటే ఏమిటో ఆమెకు బాగా తెలుసు. భర్త కాయ్ ఒక ఉదయం కప్పులో సగం కాఫీ ఉండగానే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత కొట్టు పోయింది. రెండు పిల్లులు పోయాయి.

జావ తినడం అయిపోయాక టీరా పాలపీక నోట్లో పెట్టుకోబోయి ఆగి, "ఇవాళ చెట్టుకిచ్చేస్తా" అంది.

ఊళ్ళో పార్కులో పాలపీకల చెట్టు ఉంది. మూడేళ్ళు దగ్గరపడ్డ పిల్లలు పాలపీకను రిబ్బనుతో దాని కొమ్మకు కట్టించి, ఇక సెలవని చెప్పి ఇంటికొస్తారు. ముందురోజే టీరా స్నేహితురాలు కట్టించిందట. నిజానికి టీరా వంతు ఇంకా రాలేదు. వచ్చేవారం పాలపీకల కంపెనీకే ఫోటోలు దిగాలి, ఆ తర్వాత చెట్టు దగ్గరికి వెళ్ళాలని స్టీనె చెప్పి ఉంచింది. కానీ వెళ్ళే మనిషి మనసు మార్చుకోకముందే వీడ్కోలు ముగించాలని బోదిల్ నమ్మకం. పైగా కంపెనీవాళ్ళు వాళ్ళ పాలపీక వాళ్ళే తెచ్చుకుంటారు, ఈ పిల్ల నోరెక్కడికి పోతుంది అనుకుంది.

కింది వాటాలో ఉండే ప్రీబెన్ నిచ్చెన మోసుకుని వెంట వచ్చాడు. పడవ మీద టిక్కెట్లు చించి రిటైరైన మనిషి, ఎవరైనా పని చెబితే పండగ. పాలపీకను ఎర్ర రిబ్బనుతో గుబురుగా ఉన్న ఒక పై కొమ్మకు కట్టాడు. కింద వేడుక గుర్తుగా చిన్న కాగితం జెండా గుచ్చి, దాల్చినచెక్క రొట్టెలు తిని, ఫ్లాస్కులో కాఫీ తాగారు. టీరా ఏడవలేదు. బోదిల్ ఏడ్చింది. ఆ కళ్ళతోనే ఫోటో తీసి, టీరా పాలపీకకు వీడ్కోలు చెప్పిందనీ, ఇక జన్మలో దాని మొహం చూడనన్నదనీ రాసి, మూడుసార్లు చదువుకుని మరీ ఖాతాలో పెట్టింది.

ఫ్లాస్కుకు మూత పెట్టకముందే మెరెటె ఫోన్ చేసింది. ఫోటోగ్రాఫరుకు వచ్చేవారం కుదరదట, ఇవాళ రెండింటికే రమ్మంది. పాలపీక లేనిదే బతకలేనంత మురిపెంగా ఉండాలట పిల్ల. బోదిల్ సరేనంది. కాదంటే ఖాతా పోతుంది. సంచీలోంచి మరో పాలపీక తీసి టీరా ముందు పెట్టింది. టీరా పెదాలు బిగించి, "ఇచ్చేశాగా" అంది. రెండోసారి అడిగితే మొహం తిప్పేసుకుంది.

పాతదే అయితే ఒప్పుకుంటుందేమోనని బోదిల్ ప్రీబెన్‌ను మళ్ళీ నిచ్చెన ఎక్కించింది.

"దొంగతనానికని ముందే చెప్పొద్దూ బోదిల్, నల్లకోటు వేసుకొచ్చేవాణ్ణి" అన్నాడు ప్రీబెన్ పైనుంచి.

చెట్టునిండా పాలపీకలే, సగానికి పైగా ఎర్ర రిబ్బన్లే. ఆయన ఒక్కోటీ పట్టుకుని ఇదా, ఇదా అని అడుగుతుండగా, పసుపు కోట్లు వేసుకున్న శిశుశాల పిల్లలు తాడు పట్టుకుని వరసగా వచ్చారు. వెంట ఉన్న టీచరు, పిల్లల చెట్టు మీద మీకేం పనండీ అని నిలదీసింది.  ముడులు వదులయ్యాయేమో చూస్తున్నామంది బోదిల్.

టీచరు మొహం వికసించింది. మునిసిపాలిటీ ఇన్నాళ్ళకు ఒక మనిషిని పెట్టిందన్నమాట అంది. నిచ్చెన మీదున్న మనిషికి హోదా తగలగానే గొంతు మారింది. "గురువారాలు మాత్రమే" అన్నాడు ప్రీబెన్. ఆ పిల్లలు కట్టించడానికి తెచ్చిన పాలపీకలన్నీ అందుకుని కట్టాడు. తోపుడుబళ్ళతో వచ్చిన తల్లులు కూడా వరస కట్టారు. రిబ్బను పొట్టిగా తెచ్చినవాళ్ళకు చీవాట్లు కూడా పెట్టాడు. పన్నెండున్నర అయింది. టీరా పాలపీక మాత్రం దొరకలేదు.

అప్పుడు టీరా, ఎవరూ అడగకుండానే, అందరికీ వినబడేలా చెప్పింది. "అమ్మమ్మ నాది మళ్ళీ తీసేసుకుంటోంది."

 వెంటనే పసుపు కోటు పిల్లాడొకడు అయితే నాదీ కావాలన్నాడు. ఆ వెనక ఇంకొకడు. ఆ పైన తాడు పొడుగునా ఏడుపు అందుకుంది. ప్రయాణికుడికి ఏనాడూ లేదనలేని ప్రీబెన్ ఇప్పుడూ అనలేకపోయాడు. ఎవరిదో తెలియకుండానే చేతికందింది అందినట్టు కిందికి వదలసాగాడు. నెలరోజులు నిద్రలు మానుకుని మాన్పించామని తల్లులు గొడవకు దిగారు. వాళ్ళలో ఒకామె గొడవ పడుతూనే వీడియో తీసింది.

రెండింటికి, పాత ఓడల షెడ్డులోని స్టూడియోకు బోదిల్ చేరేసరికి ఆ వీడియో ఆమెకంటే ముందు చేరింది. పొద్దున పెట్టిన వీడ్కోలూ, మధ్యాహ్నపు నిచ్చెనా మెరెటె ఫోనులో పక్కపక్కనే ఉన్నాయి. కబురందుకున్న స్టీనె ఆసుపత్రి బట్టల్లోనే వచ్చింది. పాలపీకల కంపెనీ ఆయన ఆఖరి ఆశగా టీరా చేతికి ఒక కొత్త పాలపీక ఇచ్చాడు. టీరా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మర్యాదగా ఆయన కోటు జేబులోనే పెట్టి, "నువ్వూ చెట్టుకిచ్చెయ్యి" అంది.

మాకు వేరే పిల్లను చూడండి అన్నాడాయన. రేపటినుంచి ఖాతా మేం చూసుకుంటాం అంది మెరెటె, చాలా మెల్లగా.

బోదిల్ మనవరాలి చేతితొడుగులు గట్టిగా పట్టుకుంది. "తప్పు నాదే స్టీనె. ఖాతా వాళ్ళకిచ్చెయ్యి. పిల్లని మాత్రం..." 

స్టీనె ఫోటో లైట్ల పెట్టె మీద కూర్చుంది. "అదేంటమ్మా, ఈ ఫోటోలు, ఖాతా, ఇదంతా నీకిష్టం కదా?"

"నాకా? నీకిష్టమని చేస్తున్నా. ఒక్కో ఫోటో పెట్టాక నాకు నిద్ర పట్టి చస్తేనా."

"నేనెందుకు ఒప్పుకున్నాననుకున్నావ్? కొట్టు మూసేశాక నువ్వు కిటికీ దగ్గర కూర్చుని పడవలు లెక్కపెట్టుకుంటుంటే చూడలేక. నీకో పనుంటుందని."

మెరెటె ఫోను దించింది. మరి ఇది కావాలన్నది ఎవరండీ అని అడిగింది. ముగ్గురూ టీరా వంక చూశారు. టీరా కంపెనీ ఆయనకు ముడి ఎలా వెయ్యాలో నేర్పుతోంది.

"మరి ఆ మూడు రోజులు?" అంది బోదిల్, నేల చూపులు చూస్తూ.

"నీ దగ్గరికి రావడానికి దానికి ఫోటో దేనికమ్మా? శుక్రవారం కూడా ఉంచుకుంటావా అని అడుగుదామనుకుంటూనే ఉన్నా. నీకెక్కడ పని ఎక్కువవుతుందోనని నోరు మూసుకున్నా."

సాయంత్రం టీరా పాలపీక ఊసు లేకుండా సోఫాలోనే నిద్రపోయింది. ప్రీబెన్ వచ్చి, వచ్చే గురువారం డ్యూటీ ఉందా అని అడిగి, స్టీనె చేత తిట్లు తిని కాఫీ తాగాడు. ఎవరికీ అక్కర్లేని ఆ ఖాతా మూసే పని బోదిల్ తీసుకుంది. టీరా ఫోటోలు చూసే పదకొండు వేలమందికి ఒకేసారి వీడ్కోలు చెప్పడం ఆమెకు కొత్త. ఏదో రాసింది, చెరిపేసింది. చివరికి కళ్ళు మూసుకుని నొక్కింది. ఖాతా వెంటనే పోదనీ, నెల రోజులు అలాగే ఉంటుందనీ, మనసు మారితే ఈలోగా తిరిగి రావచ్చనీ ఫోను చెప్పింది.

వెళ్ళిపోయేవాళ్ళ విషయంలో ఇంత బుద్ధిగల ఏర్పాటు బోదిల్ తన డెబ్భై ఏళ్ళలో ఎక్కడా చూడలేదు.