మూడో వార్డు ఈస్ట్‌పై గౌరవ మంత్రిగారి విజయం

వచ్చే శుక్రవారం పొద్దున పది గంటలకల్లా ఫిజీ రాజధాని సువాలోని ఈ ఆస్పత్రిలో, మందులకి లొంగని మొండి ఈస్ట్ క్రిమి అనేదే ఉండదని ఆరోగ్యశాఖ మంత్రి గౌరవనీయ ఇనోకే వకలోమాగారు ప్రకటించారు. "అది కంటికి కనబడనంత చిన్నది. మాది చూస్తూనే ఉన్నారుగా, ఎంత పెద్ద ప్రభుత్వమో!" అన్నారు.

విలేకరులు రాసుకున్నారు. పక్కనే నిలబడ్డ ప్రెస్ సెక్రటరీ సాకియూసా కళ్ళు చెమర్చాయి. ఆ వాక్యం తను రాసిచ్చిందే. మంత్రిగారు ఎక్కడా తడుముకోకుండా చదవడం ఇదే మొదటిసారి.

యుద్ధ సామగ్రి కూడా సిద్ధమైంది. డయాలసిస్ రోగుల ఛాతీలో పెట్టే కొత్త గొట్టాలు, అట్టపెట్టె నిండా. స్టోరులో ఉన్నవన్నీ అందులోకే సర్దించి, ఎర్ర రిబ్బను కట్టి, పూలదండ వేసి, వరండాలో బల్ల మీద పెట్టించాడు సాకియూసా. మంత్రిగారు కత్తిరించేదాకా ఎవరూ ముట్టుకోకూడదని సర్క్యులర్ ఇచ్చాడు. కాపలాకి పోలీసుని పెట్టాడు. పద్ధతంటే పద్ధతే మరి.

చిక్కల్లా ఒక్కటే. మూడో వార్డులో ఆ ఈస్ట్ పట్టిన ఒకే ఒక్క రోగి, బస్సు డ్రైవర్ ఎమోసీ, సాకియూసాకి సొంత అన్న.

"జ్వరం దిగట్లేదు సార్," అంది డాక్టర్ అలుమిత. "ఆ ఈస్ట్ మీ అన్నగారి డయాలసిస్ గొట్టంలో జిగురు పొర కట్టుకుని దర్జాగా కూర్చుంది. మందులు మార్చి మార్చి ఇచ్చాం. ఒక్కటీ ఆ పొర దాటి పోవట్లేదు. గొట్టం పీకి కొత్తది వెయ్యాలి, అంతే. ఆ పెట్టెలోంచి ఒక్కటి ఇప్పించండి."

"మంత్రిగారిని అడుగుతాను."

"ఈలోగా ఏదైనా అయితే?"

"అందుకేగా అడుగుతానంటున్నాను!"

అడిగాడు. మంత్రిగారి మొహం వెలిగిపోయింది.

"మీ అన్నా! ముందే చెప్పొద్దటయ్యా? మొదటి గొట్టం ఆయనకే, నా చేతుల మీదుగా! శుక్రవారం దాకా ఆయన్ని ఎవ్వరూ కదపొద్దు. ఫొటోలో జ్వరం మొహం ఉంటేనే అందం."

ఇంతటి గౌరవం వాళ్ళ వంశంలో ఎవరికీ దక్కలేదు. వెళ్ళి అన్నకి చెప్పాడు. ఎమోసీ వణుకుతూనే నవ్వాడు.

"ఒరేయ్ తమ్ముడూ, ఇన్నేళ్ళు బస్సు నడిపాను. స్టాపులో మనిషి చెయ్యెత్తితే ఏ మంత్రినీ అడగలేదురా. ఆపి ఎక్కించుకున్నాను."

"రెండ్రోజులే అన్నయ్యా."

"ఆ ముక్క నాకు కాదు, ఆ ఈస్ట్‌కి చెప్పు."

శుక్రవారం వరండాలో చాపలు పరిచారు. వేరు దంచి నీళ్ళలో కలిపే యంగోనా తాగందే అక్కడ ఏ శుభకార్యమూ మొదలవదు కదా. మంత్రిత్వశాఖకి ఎప్పటినుంచో వస్తున్న చెక్క గిన్నె తెచ్చి మధ్యలో పెట్టారు. లోపలంతా నీలంగా నిగనిగలాడే పొర. ఏళ్ళ తరబడి యంగోనా కలిపితేగానీ ఆ పొర రాదు. అది ఎంత మందమైతే గిన్నెగలవాళ్ళకి అంత పరువు. ఈస్ట్ నిర్మూలనకి కంకణం కట్టుకున్నవాళ్ళందరూ ఒకే కొబ్బరిచిప్పతో, చప్పట్లు కొట్టి మరీ తాగారు.

చిప్ప రెండోసారి తిరిగాక మంత్రిగారు ఉదారంగా అడిగారు. "అవునూ డాక్టరమ్మా, పొర పొర అంటారు, ఎలా ఉంటుందది?"

అలుమిత మనసంతా వార్డులో ఉంది. ఎదురుగా కనబడిందే చెప్పేసింది. "ఇదిగో, ఈ గిన్నెలో పొరలాగే సార్. కడిగితే పోదు."

మంత్రిగారి తరఫున మాట్లాడే పెద్దాయన పెనియోనీ గొంతు సవరించుకున్నాడు.

"పెద్దల గిన్నెని రోగంతో పోల్చావా తల్లీ? ఆచారం ప్రకారం తిమింగలం పన్ను కానుకగా పెట్టి క్షమాపణ చెప్పుకుంటే తప్ప ఇక్కడ ఇంకే పనీ జరగదు."

"తప్పయిపోయింది పెద్దయ్యా. పన్ను తెప్పిస్తాం. ముందు ఆ రిబ్బను..."

"ముందు పన్ను!"

ఆస్పత్రికున్న ఒక్కగానొక్క పన్నూ ఆ పొద్దునే మంత్రిగారికి స్వాగతంగా ఇచ్చేశారు. ఇచ్చింది తిరిగి అడిగితే అదింకో అవమానం, దానికింకో పన్ను. ఇక పక్క దీవిలోని లెవుకా నుంచి రావాలి. శనివారం గాలివాన, ఆదివారం చర్చి. పడవ సోమవారమే.

శనివారం మధ్యాహ్నం సాకియూసా పెట్టె దగ్గరికి వెళ్ళాడు. జేబులో మంత్రిగారి కత్తెర ఉంది.

"ఏం సార్?" అన్నాడు పోలీసు.

"ఏంలేదు. రిబ్బను సరిగ్గా ఉందో లేదో చూద్దామని."

పోలీసు అతని మొహంకేసి చూశాడు, జేబుకేసి చూశాడు. "మీరు చూస్కోండి సార్. నేనటు తిరుగుతాను," అని నిజంగానే తిరిగి, వానకేసి చూస్తూ నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు.

సాకియూసా రిబ్బను ముడి సరిచేసి వచ్చేశాడు.

ఆదివారం అందరూ చర్చిలో ఉండగా ఎమోసీ పోయాడు.

సోమవారం పన్ను వచ్చింది. క్షమాపణ దివ్యంగా జరిగింది. మంత్రిగారు సాకియూసా భుజం మీద చెయ్యి వేసి మనస్ఫూర్తిగా బాధపడ్డారు. తర్వాత మూడో వార్డులోకి వెళ్ళారు. మంచం తుడిచి ఉంది.

"ఇప్పుడు ఈస్ట్ కేసులెన్ని డాక్టరమ్మా?"

"లేవు," అంది అలుమిత, నేలకేసి చూస్తూ.

మంత్రిగారు కెమెరాల వైపు తిరిగారు. "రాసుకోండి! పెట్టె విప్పనైనా లేదు, ఈస్ట్ పోయింది! అయితే ఈ ఘనత నాది కాదు," అంటూ సాకియూసాని చెయ్యి పట్టి ముందుకు లాగారు. "ఇదిగో, ఈయనది. ఎవరెంత బతిమాలినా ఆ పెట్టె మీద చెయ్యి వెయ్యనివ్వలేదు."