గుండ్లవాగు తెల్లమూట రహస్యం

“అంజన్నా, విను. ఈ అడవిలో ఒక్క ఆకు రాలినా, అది ఎందుకు రాలిందో, ఎవరు రాల్చారో, రాల్చినవాడు ఆ పూట ఏం తిన్నాడో చెప్పగల మనిషి తెలంగాణ మొత్తం మీద ఒక్కడే ఉన్నాడు. ఆ ఒక్కడు ప్రస్తుతం నీ ముందు కూర్చొని చాయ్ తాగుతున్నాడు.”

“చాయ్ల ఈగ పడ్డది సార్,” అన్నాడు అంజన్న.

స్టీఫెన్ సార్ గ్లాసులోకి చూశాడు. ఈగ నిజంగానే ఉంది. దాన్ని చూపుడువేలితో తీసి, వెలుతురుకు ఎత్తిపట్టి, కళ్లు చికిలించి పరీక్షించాడు. “హుఁ... ఆత్మహత్య కాదు,” అని తేల్చి వరండా బయటికి విసిరాడు.

ఆదిలాబాద్ అడవుల్లో గుండ్లవాగు సెక్షన్‌కు స్టీఫెన్ సార్ ఆఫీసరు. సొంతూరు హుజూరాబాద్. మనిషి మంచివాడే. ఆదివారం చర్చి తప్పడు, ఒకరి సొమ్ము ముట్టడు. ఆయనకున్న రోగమల్లా రేంజర్ రుద్రసేన. కరీంనగర్ బస్టాండు దగ్గర పాత పుస్తకాల బండి మీద దొరికే నలభై ఒక్క నవలల హీరో ఈ రుద్రసేన. ఆయన అడవిలో అడుగు పెడితే చాలు, శవం దొరుకుతుంది. చిటికెడు మట్టి నాలుక మీద వేసుకొని హంతకుడి ఊరు పేరు చెబుతాడు. నలభై ఒక్క నవలల్లోనూ ఆయన ఒక్క మొక్కకు నీళ్లు పట్టించలేదు, ఒక్క మేకను తోలలేదు, ఒక్క నెల రిపోర్టు పంపలేదు. అటవీ శాఖలో పనిచేసే ఇంకెవరు చదివినా కడుపు పట్టుకొని నవ్వుతారు. స్టీఫెన్ సార్ మాత్రం పెన్సిలుతో కింద గీతలు గీసుకుంటాడు. డిటెక్టివ్ పూనకం వచ్చిందంటే చాలు, ఆయన నోట్లోంచి హుజూరాబాద్ మాట పారిపోయి నవల భాష దిగుతుంది.

ఇక అంజన్న వాచరు. కరీంనగర్ దిక్కు పవర్‌లూమ్ ఇంట్లో పుట్టి, ఆ మోత పడక అడవికి వచ్చినవాడు. పంతొమ్మిదేళ్లుగా కాంట్రాక్టు వాచరుగానే ఉన్నాడు. మట్టిలో గుర్తు చూసి ఏ జంతువు, ఎప్పుడు, ఎటు పోయిందో చెబుతాడు. చెబుతాడు కానీ ఎవరూ అడగరు. ఈ ఏడు పర్మనెంట్ చేసేవాళ్ల జాబితాలో ఆయన పేరు వచ్చింది. శుక్రవారం రేంజ్ ఆఫీసర్ మమతారాణి మేడం వచ్చి కాగితం మీద సంతకం పెడితే అయిపోయినట్టే. అంజన్న భార్య శంకరవ్వ ఆ సంతకం కోసం మొక్కని దేవుడు లేడు.

సరిగ్గా ఆ వారమే, మంగళవారం పొద్దున, అంజన్న స్టోర్ గది తెరిచి గుండె పట్టుకున్నాడు.

“సార్! తాళం మంచిగనే ఉన్నది. మూట లేదు!”

“ఏ మూట?”

“పులి అడుగులు తీసే పొడి సార్. ఇరవై కిలోల ప్లాస్టర్ పొడి.”

మట్టిలో పులి అడుగు కనిపిస్తే ఆ తెల్లపొడిని నీళ్లలో కలిపి అందులో పోస్తారు. అరగంటలో రాయిలా బిగుసుకొని అచ్చు తయారవుతుంది. శనివారం నుంచి పులుల లెక్క మొదలు. స్టోర్ సామానుకు జవాబుదారీ అంజన్న. సామాను పోగొట్టినవాడు అని ఒక్క ముక్క పడితే పంతొమ్మిదేళ్లు నీళ్లపాలు.

అంజన్న స్టోర్ మూలమూలలా వెతుకుతుంటే స్టీఫెన్ సార్ ముఖం మాత్రం దీపంలా వెలిగింది. ఉద్యోగంలో చేరిన పన్నెండేళ్లకు ఆయనకు కేసు దొరికింది.

“ఇది దొంగతనం కాదు అంజన్నా. ఇది కుట్ర. పొడి లేకపోతే అచ్చు లేదు. అచ్చు లేకపోతే కాగితం మీద పులి లేదు. కాగితం మీద లేని పులిని చంపితే కేసే లేదు! దీని వెనక అంతర్జాతీయ ముఠా ఉంది.”

“మన సెక్షన్ల పులే లేదు గద సార్. ఎనిమిదేండ్ల సంది అడుగు కూడా దొర్కలే.”

“అదే! అంత జాగ్రత్తగా పనిచేస్తోంది ముఠా.”

వెంటనే స్టోర్ వెనక మోకాళ్ల మీద కూర్చొని, చిటికెడు మట్టి తీసి నాలుక మీద వేసుకున్నాడు. కాసేపు కళ్లు మూసుకున్నాడు.

“ఉప్పగా ఉంది. నేరస్థుడు సముద్రతీరం నుంచి వచ్చాడు.”

“ఆడ మేకలు పోసినయ్ సార్.”

స్టీఫెన్ సార్ నోరు కడుక్కోవడానికి బోరింగు దగ్గరికి నడిచాడు, హుందాగానే.

బుధవారం మారువేషం. ఎవరిదో గొంగడి నిలువునా కప్పుకొని, చేతిలో కట్టె పట్టుకొని, గొర్రెల కాపరిలా ఊరి మీద నిఘాకు బయల్దేరాడు. కాళ్లకు డిపార్ట్‌మెంట్ బూట్లు అలాగే ఉన్నాయి. కిరాణం నడిపే అనసూర్య ఆయన్ని చూసి పాపం అనుకుంది.

“సార్, చలిజరమా? గోలి ఏస్కొని పండుకోవాలె గని గిట్ల తిరుగుతరా?”

“నేను సార్‌ను కాను తల్లీ. పొరుగూరి కాపరిని.”

“అయ్యో, జరం తలకెక్కినట్టున్నది,” అని ఆమె ఇంట్లోకి పరుగెత్తి రెండు గోలీలు తెచ్చి, దగ్గరుండి మింగించింది.

చర్చి దగ్గర మాత్రం వేట ఫలించింది. ఆఫీసుకు రోడ్డు అవతల, ప్రహరీ లోపల చిన్న మెథడిస్టు చర్చి. క్రిస్మస్ దగ్గరికొచ్చింది కాబట్టి గోడలకు సున్నం పడుతోంది. నిచ్చెన దిగుతున్న సున్నం పనివాడు బాలమల్లు చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి. స్టీఫెన్ సార్ గొంగడి విసిరేశాడు.

“బాలమల్లూ! నీ చేతులకు అంటిన ఆ తెలుపు ఏమిటి?”

“సున్నం సార్.”

“సున్నమే ఎందుకు?”

“మీరే గద సార్, మొన్న కమిటీల సున్నమే ఏద్దామన్నరు.”

ఇది స్టీఫెన్ సార్ నోట్‌బుక్కులో ‘అనుమానితుడు ఆరితేరినవాడు, నా మాటలే నాకు అప్పజెబుతున్నాడు’ అని చేరింది.

గురువారం దాకా చుట్టూ నాలుగు కిలోమీటర్ల అడవంతా ఇద్దరూ గాలించారు. దొరికింది ఒక తెగిన చెప్పు, రెండు బీడీ ముక్కలు, మేకలు. సాయంత్రం స్టీఫెన్ సార్ కుర్చీలో వెనక్కి వాలి, అంజన్నను అదోలా చూశాడు. ఆ చూపు అంజన్నకు నచ్చలేదు.

“అంజన్నా, రుద్రసేన ముప్పై తొమ్మిదో నవలలో అసలు నేరస్థుడు ఎవరో తెలుసా? పక్కనే ఉండి, చాయ్ పోసి, నమ్మకంగా తిరిగిన వాచరు.”

“సార్!”

“తాళం పగల్లేదు. తాళంచెవులు రెండే. ఒకటి నా దగ్గర, ఒకటి నీ దగ్గర. నేను దొంగను కాను. లెక్క నువ్వే చేసుకో.”

“పంతొమ్మిదేండ్ల సంది ఒక్క పుల్ల ఇంటికి తీస్కపోలే సార్. గా పొడితోని నేనేం జేస్త?”

“అదే నువ్వు నాకు చెప్పాలి.” అని పదకొండు పేజీల రిపోర్టు రాయడం మొదలుపెట్టాడు. స్టీఫెన్ సార్‌కు పగ ఏమీ లేదు. కథ కుదిరింది, అంతే. కథ కుదిరితే ఎదుటివాడి బతుకు ఏమవుతుందో ఆయన నవలల్లో ఎక్కడా రాసి లేదు.

అంజన్న ఇంటికి పోయి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. శంకరవ్వ ముందు వాచరు ఉద్యోగాన్ని తిట్టింది, తర్వాత స్టీఫెన్ సార్‌ను తిట్టింది, చివరికి ఏడ్చింది. అంజన్నకు ఏడుపు కూడా రాలేదు. తను దొంగ అన్న మాట ఎట్లా మింగాలో తెలియలేదు.

శుక్రవారం పదకొండుకు మమతారాణి మేడం జీపు దిగింది. ముక్కుసూటి మనిషి. రిపోర్టు చేతిలోకి తీసుకొని చదవసాగింది.

“స్టీఫెన్ గారూ, మూడో పేజీల సముద్రం ఎందుకొచ్చింది?”

జవాబు చెప్పబోతూ స్టీఫెన్ సార్ కిటికీలోంచి బయటికి చూశాడు. రోడ్డు అవతల బాలమల్లు ఒక తెల్లని మూట భుజాన వేసుకొని చర్చి గేటులోకి పోతున్నాడు.

“మేడం! ముఠా!” అని అరిచి, బల్ల కింది నుంచి టోపీ లాక్కొని పరుగు తీశాడు. “ఆగు దుర్మార్గుడా! చట్టం చేతులు చాలా పొడవు!”

తన మీదికి ఆఫీసరు ఇట్లా దూసుకొస్తుంటే బాలమల్లు ఏం చేస్తాడు? మూట వదిలేశాడు. అందులో ఉన్నది సున్నమే. అది పగిలి స్టీఫెన్ సార్ ముఖం నిండా చిమ్మింది. కళ్లు కనబడక ఆయన రెండడుగులు పక్కకు వేసి, చర్చి వాకిట్లో క్రిస్మస్ నక్షత్రంలా వేసిన పెద్ద చుక్క ముగ్గు మీద జారి, వెల్లకిలా దభేల్మని పడ్డాడు.

“అయ్యో దేవా! నడుము పాయె!” నొప్పికి నవల భాష ఎటో ఎగిరిపోయింది. “గిదేం ముగ్గు? బండ లెక్కున్నది!”

మేడంతో పాటు వెనకే వచ్చిన అంజన్న వంగి, పడ్డ మనిషిని లేపబోయి, చెయ్యి ముగ్గుకు తగిలి ఆగిపోయాడు. గోరుతో గీకాడు. రాలలేదు. ముగ్గుపిండి ఎక్కడైనా బిగుసుకుంటుందా?

ఇంతలో చర్చిలోంచి చీపురుతో మహిమ వచ్చింది. స్టీఫెన్ సార్ భార్య ఆమె, స్త్రీల సమాజానికి సెక్రెటరీ కూడా.

“నా చుక్క ఇరగ్గొట్టినవా? వారం కావస్తున్నది, ఊడ్చినా పోతలేదు, కడిగినా పోతలేదు. గదేం పిండో ఏమో!”

“మహిమమ్మా, గీ పిండి యాడిది?” అన్నాడు అంజన్న.

“మీ స్టోర్లదే అన్నా. మొన్న శనివారం టిఫిన్ ఇయ్యొచ్చినప్పుడు చూసిన, మూటెడు ముగ్గుపిండి వట్టిగ పడున్నది. పండుగకు చుక్క ఏస్తం, తీస్కపోవాల్నా అని గీయ్ననే అడిగిన. పుస్తకంల తలకాయ పెట్టి, తీస్కపో అని తాళంచెవి చేతిల పెట్టిండు. వాకిట్ల సాన్పి నీళ్లు చల్లి, తడి మీద మందంగ పోసి నింపినం. సగం మూట ఇంకా లోపల్నే ఉన్నది.”

అందరూ స్టీఫెన్ సార్ వైపు తిరిగారు. ఒక మేక అరిచింది.

స్టీఫెన్ సార్ లేచి నిలబడ్డాడు. సున్నం కొట్టిన ముఖంలో కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. రుద్రసేన అయితే ఇక్కడ చిరునవ్వు నవ్వి, ఇదంతా తన పథకమేనని చెప్పేవాడు. స్టీఫెన్ సార్ మూతి మీది సున్నం తుడుచుకున్నాడు.

“మేడం, నేను అంజన్న మీద రాసిందంత తప్పు. తాళంచెవి నేనే ఇచ్చిన. గా పుస్తకంల హంతకుడు దొరికే పేజీల ఉన్న. ఏం అడిగిందో ఇనలే.”

మమతారాణి పదకొండు పేజీలూ నాలుగు ముక్కలుగా చింపింది. ఏదో అనబోయింది గానీ అంజన్న చెయ్యెత్తాడు.

“మేడం, జర ఆగుండ్రి. అడుగు ముందటికేయకుండ్రి.”

అంజన్న ముగ్గు పక్కన గొంతుకూర్చున్నాడు. చుక్క కింది కొసన, ‘స్వాగతం’ అన్న అక్షరాల మీద, అరచేతి కన్నా పెద్ద గుంట ఒకటి దిగి ఉంది. నాలుగు వేళ్లు, వెనక వెడల్పాటి అరికాలి మెత్త. గీత గీసినట్టు స్పష్టంగా ఉంది.

“గది బాలమల్లు కుక్క తొక్కింది,” అంది మహిమ. “ఆదివారం సంది తిడుతున్న దాన్ని.”

“నా కుక్క కాలు గంతుంటదా అక్కా?” అన్నాడు బాలమల్లు నొచ్చుకొని.

“కుక్క కాదు. గోర్ల గుర్తు లేదు సూడుండ్రి. పులి. ఎడమ ముందరి కాలు. వేళ్లు సన్నగున్నయ్, ఆడది. శనివారం రాత్రి మంచు పడకముందే వచ్చింది. పైన పొడి ఇంకా పొడిగనే ఉండె, తొక్కి పోయింది. తెల్లారేసరికి మంచుకు బిగుసుకున్నది. వాగు దిక్కుకెల్లి వచ్చి, చర్చి వాకిట్లకెల్లి, మన ఆఫీసు ఎన్కకు పోయింది. ఆడి అడుగులన్ని మేకలు తొక్కి చెరిపినయ్.”

మమతారాణి వంగి చూసి, టేపు తీసి ఒకటికి రెండుసార్లు కొలిచింది. ఎనిమిదేళ్ల తర్వాత గుండ్లవాగులో పులి. రేంజి మొత్తంలో ఇంత మంచి అచ్చు ఆమె చూడలేదు.

“పంతొమ్మిదేండ్ల సంది నువ్వు వాచర్‌వేనా?” అంది. జీపు బానెట్ మీదే కాగితం పెట్టి సంతకం చేసింది. అంజన్న ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకొని, తడవకూడదని కళ్లకు దూరంగా జరిపాడు.

అచ్చును తవ్వి తీసుకుపోదామంటే మహిమ ఒప్పుకోలేదు. క్రిస్మస్ దాకా చుక్క కదలడానికి వీల్లేదంది. పులి వచ్చినా సరే, బిషప్ వచ్చినా సరే అంది. మమతారాణి కొంచెం ఆలోచించి దానికి కాపలా వేసింది. మేకలు తొక్కకుండా, పిల్లలు ముట్టకుండా, పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా కూర్చునే డ్యూటీ. పేరు దగ్గర స్టీఫెన్ అని రాసింది. పుస్తకాలు చదవరాదు అని కింద ఇంకో వాక్యం చేర్చింది.

అంజన్న సైకిలు తీస్తుంటే, చర్చి వాకిట్లో కుర్చీ వేసుకున్న స్టీఫెన్ సార్ నెమ్మదిగా పిలిచాడు.

“అంజన్నా, నా మీద కోపమొచ్చిందా?”

పంతొమ్మిదేళ్లలో ఏ ఆఫీసరూ అంజన్నను ఆ మాట అడగలేదు. ఆయన సైకిలుకు స్టాండు వేశాడు.

“వచ్చింది సార్. మస్తు వచ్చింది. రాత్రి అన్నం తినలే. శంకరవ్వ ఏడ్చింది.”

స్టీఫెన్ సార్ తల దించుకున్నాడు. నలభై ఒక్క నవలల్లో ఎక్కడా ఆయనకు పనికొచ్చే డైలాగు లేదు.

“మాఫ్ చెయ్యే.”

అంజన్న స్టాండు తీశాడు. కాగితం జేబులో భద్రంగా ఉందో లేదో మరోసారి తడిమి చూసుకొని సైకిలెక్కాడు.

“మేకలొస్తున్నయ్ సార్, సూస్కోండ్రి,” అన్నాడు.

స్టీఫెన్ సార్ కట్టె అందుకొని లేచాడు.