డిస్కు అప్పగింత

వినిపించని పిల్లల బడిలో ఒక ల్యాప్‌టాప్‌కు హార్డ్ డిస్కు మార్చే కార్యక్రమం, నిబంధనలన్నీ తు.చ. తప్పకుండా పాటిస్తూ, దిగ్విజయంగా ముగిసిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఆ ల్యాప్‌టాప్ సైగల టీచరమ్మది. పదకొండేళ్లుగా ఆమె పాఠాలన్నిటినీ చేతులతో చెబుతూ వీడియోలు తీసి అందులో దాచింది. వచ్చే నెల పరీక్షలకు పిల్లలు చూసుకోవాల్సినవి అవే. ఇంకో కాపీ దాచుకోవడానికి ఆమె పెట్టిన అర్జీ మూడేళ్లుగా పరిశీలనలో ఉంది. ఈలోగా డిస్కు టిక్కు టిక్కుమనడం మొదలుపెట్టింది. రిపేరు షాపతను చెవి ఆనించి విన్నాడు.

"పది రోజులుంటే గొప్ప మేడమ్. కొత్త డిస్కొకటి, పాతది పెట్టుకోడానికి బయటి డబ్బా ఒకటి తెచ్చుకోండి. పాతదాన్ని డబ్బాలో పెట్టి వైరు తగిలిస్తే, అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించేస్తా. ఒక పూట పని."

ఒక పూట పనిని ఒక పూటలో చేసేస్తే బడి పరువేం కాను? హెడ్మాస్టరు కమిటీ వేశారు. ఇరుకైన డిస్కులో పాఠాలు నలిగిపోతాయని లెక్కల మాస్టారు బోర్డు మీద నిరూపించారు. కొత్తరకం డిస్కు అసలు చప్పుడే చేయదని ఎవరో అనేసరికి డ్రిల్లు మాస్టారికి ఒళ్లు మండింది. "చప్పుడు చెయ్యనిది పని చేస్తోందని ఎలా నమ్ముతామండీ?" అన్నారు. ఇరవయ్యేళ్లుగా ఆ పిల్లలను విజిల్ ఊది పరుగెత్తిస్తున్న మనిషి మాటకు తిరుగేముంది? చప్పుడు చేసేదే ఖాయం చేశారు. డబ్బా ఎంపిక డ్రాయింగు మాస్టారి మీద పెట్టారు. ఆయన నీలమా, బూడిదరంగా అని నాలుగు రోజులు అన్నం మానేసినంత పని చేసి, గోడలకు నప్పే రంగు తేల్చారు. పాత డిస్కు అందులో పడుతుందా అని టీచరమ్మ అడిగితే, అది తన సబ్జెక్టు కాదన్నారు.

తొమ్మిదో రోజున సరుకు స్టోరుకు చేరింది. టీచరమ్మ పరుగున వెళ్లింది. స్టోరు కీపరు నిక్కచ్చి మనిషి. పాత వస్తువు అప్పగిస్తే గానీ కొత్తది ఇవ్వకూడదన్నది అక్కడి నియమం. ఒకప్పుడు ఎవరో అరిగిన చీపురు చూపించకుండా కొత్త చీపురు పట్టుకుపోయారట. సంస్థ ఇంకా తేరుకోలేదు.

"అయ్యా, పాతదాంట్లోంచే కదా ఎక్కించుకోవాలి! ఒక్క పూట ఆగితే నేనే తెచ్చి ఇచ్చేస్తాను."

"ఎక్కించుకోండమ్మా, వద్దన్నదెవరు? ముందు అప్పగించండి. రేపు మీ డబ్బాలోనే పెట్టి ఇస్తాగా."

ఆమె హెడ్మాస్టరు దగ్గరికి పరుగెత్తింది. "రూలంటే రూలేనమ్మా. మీ డిస్కుకు పూచీ నాది" అన్నారాయన. చేతులు రాకపోయినా అప్పగించింది.

స్టోరు కీపరు మాట తప్పలేదు. మర్నాడు పాత డిస్కును డబ్బాలో పెట్టే ఇచ్చాడు. కాకపోతే, అప్పగించిన డిస్కుల్లోని సమాచారం పరాయివాళ్ల చేతిలో పడకూడదన్న ఇంకో నియమం ప్రకారం దానికి నాలుగు బెజ్జాలు వేయించాడు. చాలా వరసగా, ఎడం సమానంగా ఉండేలా దగ్గరుండి వేయించాడు. టీచరమ్మ డబ్బాను ఒళ్లో పెట్టుకుని స్టోరు మెట్ల మీద కూలబడి భోరున ఏడ్చింది. సంతోషం పట్టలేకపోతోందని అటెండరు బడంతా చెప్పాడు.

కమిటీ తనను తాను అభినందించుకోవడానికి సభ పెట్టింది. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నారు. "ప్రియమైన బాలబాలికలారా! నేటి నుంచి మీ పాఠాలను ఏ దుష్టశక్తీ తాకలేదు. మీ చదువు సంపూర్ణ భద్రతలో ఉంది!"

దాన్ని పిల్లలకు సైగల్లో చెప్పాల్సింది టీచరమ్మే. తక్కిన మాస్టర్లకు సైగలు నేర్చుకునే తీరిక ఇంతవరకూ చిక్కలేదు. కనుక ఆమె నిర్భయంగా జరిగింది జరిగినట్టు చెప్పింది. పిల్లల ముఖాలు పాలిపోయాయి. ముందు వరసలో ఒక పిల్ల లేచి, సైగలతో ఏదో అడిగింది.

"ఏమంటోందమ్మా?" అన్నారు హెడ్మాస్టరు మురిపెంగా.

"అందరికీ చెవులున్నాయి కదా, మరి టీచరమ్మ మాట ఒక్కరికీ ఎందుకు వినిపించలేదు అంటోంది సార్."

"బంగారుతల్లి! ఎంత చక్కగా అడిగిందో!" అన్నారాయన. సభ చప్పట్లతో దద్దరిల్లింది. కొట్టినవాళ్లలో మనమూ ఉన్నాం.