జెండా కర్రకు తడి సంచి

ఆ గురువారం పొద్దున వీబ్రెన్ పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రం నాలుగింటికి ఫోన్ మోగేదాకా ఒళ్ళు తెలియకుండా నిద్రపోవాలి. ఆర్డెన్ కొండల్లో వారం పాటు వానలో తిరిగి, ఆ తెల్లవారుజామునే రైలు దిగాడు మరి.

రిటైరయ్యాక మనిషికి ప్రయాణమైనా ఉండాలి, చదువైనా ఉండాలి, లేకపోతే పెళ్ళాం వంటింట్లోకి రానివ్వదని ఆయన సిద్ధాంతం. బస్సు డ్రైవరుగా దిగిపోయాక, పదిహేనో ఏట వదిలేసిన చదువును పెద్దవాళ్ళ సాయంకాలపు బడిలో మళ్ళీ అందుకున్నాడు. అన్నీ గట్టెక్కాయి, ఫ్రెంచి మాత్రం రెండుసార్లు తన్నింది. ఫ్రాన్సు హోటల్లో మెనూ మీద వేలు పెట్టి చూపించి ఆవు పేగులు తిన్న నాటినుంచీ ఆ భాష మీద ఆయనకు పంతం. ఈసారీ పోతే బడివాళ్ళు ఇక రానివ్వరు. ఆ ఫలితమే నాలుగింటికి ఫోన్ చేసి చెబుతారు. ఈ సంగతి భార్య హిల్త్యాకు తప్ప వీధిలో ఎవరికీ చెప్పలేదు.

"ఏం కుళ్ళబెట్టావు ఇందులో?" అంది హిల్త్యా, ఆయన వీపు సంచిని దూరంగా పట్టుకుని.

"చీజ్. సగం ముక్కే."

"ఇదుంటే ఇంట్లో నేనుండను."

పెరట్లో తీగల నిండా దుప్పట్లున్నాయి. ఆమె సంచిని వీధి వైపు గోడకున్న జెండా కర్రకు తగిలించి, తన పాటల బృందానికి ఆలస్యమవుతోందని వెళ్ళిపోయింది. అది పరీక్షా ఫలితాల రోజన్న మాట తొందరలో ఆమెకు తట్టలేదు.

ఎదురింటి ఆంక్‌కు తట్టింది. ఆ దేశంలో ఫలితాల రోజున జెండాతో పాటు బడి సంచి కర్రకు వేలాడిందంటే ఆ ఇంట్లో ఎవరో పాసైనట్టే. అడగడం ఉండదు, కేకు పట్టుకుని వెళ్ళడమే.

"ఇదా సంగతి!" అంది మొగుడు గెర్లోఫ్‌తో. "మంగళవారం మంగళవారం తల దువ్వుకుని ఎక్కడికో పోతుంటే ఇంకేదో అనుకున్నాను."

"ఏమనుకున్నావు?"

"ఇప్పుడెందుకులే. రెండేళ్ళుగా హిల్త్యాతో జాలిగా మాట్లాడుతున్నాను."

పాపం జెండా కట్టుకోవడానికి కూడా మొహమాటపడ్డారని, తన ఇంటి జెండా తెచ్చి సంచి పక్కనే కట్టింది. తర్వాత వీధంతా చెప్పింది.

మూడింటికి గంట మోగితే వీబ్రెన్ కళ్ళు నులుముకుంటూ తలుపు తీశాడు. జెండా, సంచి, కేకుతో ఆంక్, వెనకాల సగం వీధి. ఫోన్ ముందే వచ్చిందన్నమాట, హిల్త్యా తనను లేపకుండా ఇలా కట్టి వెళ్ళిందన్నమాట. సంతోషం పట్టలేకపోయాడు. అందరినీ లోపలికి పిలిచి, గుండ్రంగా కుర్చీలు వేసి, కాఫీ పోసి, ఉపన్యాసం కూడా ఇచ్చాడు.

"చదువుకి వయసు అడ్డం కాదు. బద్ధకం అడ్డం. గెర్లోఫ్, నీకే చెప్తున్నా."

హిల్త్యా తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవరు పోయారు?"

"పోవడమేమిటి, మీ ఆయన పాసైతే!" అంది ఆంక్.

"ఎవరు చెప్పారు?"

వీబ్రెన్ ఆమెను పక్కకు లాగాడు. "ఫోన్ వస్తేనేగా నువ్వు సంచి కట్టావు?"

"కంపు కొడుతుంటే కట్టాను."

ఆయన బస్సు నడిపినన్నాళ్ళూ ఎవరికీ అబద్ధం చెప్పని మనిషి. గది మధ్యకు వచ్చి చెప్పేశాడు. "క్షమించండి. నేను పాసవలేదు. అంటే, ఇంకా తెలియదు. అది ఆరేసిన సంచి."

గెర్లోఫ్ నోట్లో ఉన్న కేకును చప్పుడు కాకుండా మింగాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. వీబ్రెన్ నడవాలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పాసయ్యాను," అన్నాడు.

గదంతా జాలిగా చూసింది.

"కూర్చో నాయనా," అంది ఆంక్. "ఒకసారి అన్నావు, చాలు."

"నిజంగా పాసయ్యాను!"

"పోతే పోయిందిలే," అన్నాడు గెర్లోఫ్. "నేను ఏ పరీక్షా పాసవకుండానే బతికేస్తున్నాగా."

వీబ్రెన్ భార్య వైపు తిరిగాడు. హిల్త్యా ఆయన చెయ్యి నిమిరి మెల్లగా అంది, "వీళ్ళు వెళ్ళాక నాకు నిజం చెబుదువుగాని."

వీబ్రెన్ వాళ్ళందరినీ పేరుపేరునా ఫ్రెంచిలో తిట్టాడు. అందులో ఒక్క తప్పు కూడా లేదని చెప్పగలవాళ్ళు ఆ గదిలో ఎవరూ లేరు.